దుకాణం నంబరుకు వాట్సాప్ కాల్స్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాట్సాప్ బిజినెస్‌లో కాల్స్ గురించే. జవాబుల్లోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఆ పేరు మీద రెండు వేర్వేరు సరుకులు ఉన్నాయి. ఒకటి 2018లో వచ్చిన ఉచిత యాప్. ఫోన్‌లో వేసుకుని, దుకాణం పేరు పెట్టుకుని వాడుకునేది. రెండోది ‘ఏపీఐ’ అని అందరూ పిలిచేది. దానికి యాప్ అంటూ ఉండదు. మరో కంపెనీ అమ్మే సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తుంది, చాలా మెసేజ్‌లకు డబ్బు కట్టాలి. 2025 జులై నుంచి దానిలోనూ వాయిస్ కాల్స్ అందరికీ వచ్చాయి. మీ నంబరు ఈ రెండిట్లో దేనిమీద ఉందో ముందు చూసుకోండి. చాలా ప్రశ్నలు అక్కడే సగం తేలిపోతాయి.

ప్రశ్న: మంగళగిరిలో మాది చేనేత చీరల దుకాణం. డల్లాస్, న్యూజెర్సీల్లో ఉన్న మనవాళ్లు వీడియో కాల్‌లో చీరలు చూపించమంటారు. మేం చేస్తే ఎత్తరు, వాళ్లు చేసేసరికి మేం షట్టర్ దించేసి ఉంటాం. పైగా పార్సిల్ అందాక ‘వీడియోలో చూసిన రంగు ఇది కాదు’ అంటున్నారు. ఏంచేయాలి?

వేళ సంగతి ముందు. 2025 ఆగస్టులో కాల్‌ను ముందే షెడ్యూల్ చేసుకునే సౌకర్యం వచ్చింది. కాల్స్ ట్యాబ్‌లో ప్లస్ గుర్తు నొక్కి ‘షెడ్యూల్ కాల్’ ఎంచుకోండి. పేరు, తేదీ, సమయం ఇచ్చి, వీడియో అని పెట్టి, ఎవరిని పిలవాలో ఎంచుకోండి. వేళకు అందరి ఫోన్లకూ నోటిఫికేషన్ వెళ్తుంది. పేరు దగ్గర ఊరికే ‘కాల్’ అని కాకుండా ‘పెళ్లి చీరలు, 8 రకాలు’ అని రాస్తే అవతలివాళ్లు మరిచిపోరు.

ఏ వేళ పెట్టాలి? మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక, న్యూజెర్సీ తొమ్మిదిన్నర గంటలు వెనక. మిగతా నెలల్లో రెండిటికీ మరో గంట కలపండి. మనకు పొద్దున ఏడున్నర అంటే ఎండాకాలంలో న్యూజెర్సీలో రాత్రి పది, చలికాలంలో తొమ్మిది. పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చూసే వేళ అదే. మీకు మరో లాభం కూడా ఉంది. పొద్దుటి వెలుతురు రంగులకు మంచిది.

ఇక రంగు. ఫోన్ కెమెరా తెల్లటిది ఏదో తనంతట తనే ఊహించుకుని మిగతా రంగుల్ని దానికి తగ్గట్టు సర్దుతుంది. తెరనిండా కుంకుమ రంగు చీరే పరిచారనుకోండి, ‘ఇక్కడ ఎరుపు మరీ ఎక్కువైంది’ అనుకుని దాన్ని తగ్గించేస్తుంది. చీర వెలిసినట్టు కనిపిస్తుంది. నల్లంచు ముదురు చీరైతే వెలుతురు పెంచేసి బూడిద రంగు చేస్తుంది. అందుకని చీర పక్కన ఒక తెల్ల కాగితమో తెల్ల పంచె మడతో ఎప్పుడూ తెరలో కనపడేట్టు ఉంచండి. తేడా వెంటనే తెలుస్తుంది. ట్యూబ్‌లైటు, పసుపు బల్బు, కిటికీ వెలుతురు మూడూ కలవనివ్వొద్దు. ఏదో ఒకటే ఉండాలి. జరీ అంచు మీద వెలుతురు ఎదురుగా పడితే తెల్లగా మెరిసి పనితనం కనపడదు, పక్కనుంచి పడాలి. ముందు కెమెరా కాదు, వెనక కెమెరా వాడండి. చూపించేముందు లెన్స్ తుడవండి. చిన్న పనే గాని, చేతి జిడ్డు అంటిన లెన్స్‌తో ఏ చీరైనా మసకే.

ఇంత చేసినా కాల్‌లో బొమ్మ కుదించుకునే వెళ్తుంది. నెట్ బలహీనపడితే మరీను. కాబట్టి కాల్ అయ్యాక, నచ్చిన రెండు మూడు చీరల ఫొటోలు హెచ్‌డీలో పంపి, ‘ఈ ఫొటో చూసి ఖాయం చేయండి’ అని రాయించుకోండి. ‘సెట్టింగ్స్’లో ‘స్టోరేజ్ అండ్ డేటా’ కింద ‘యూజ్ లెస్ డేటా ఫర్ కాల్స్’ అని ఒకటుంటుంది. దుకాణం ఫోన్‌లో అది ఆపి ఉండాలి.

పెళ్లివారైతే ఒకరితో అవదు. అమ్మ ఒక ఊళ్లో, పిన్ని మరో ఊళ్లో ఉంటారు. కాల్ లింక్ పంపండి, 32 మంది దాకా చేరొచ్చు. లింక్ ఎవరి దగ్గరుంటే వాళ్లు చేరగలరు కాబట్టి దాన్ని స్టేటస్‌లో పెట్టొద్దు.

ప్రశ్న: గుంటూరు నుంచి పచ్చళ్లు అమెరికా పంపుతాం. ఏపీఐ సాఫ్ట్‌వేర్ తీసుకుని సంక్రాంతి ఆఫర్ మెసేజ్ పంపితే ఇక్కడి నంబర్లకు వెళ్లింది, అమెరికా నంబర్లకు ఒక్కటీ అందలేదు. ప్లాన్ పెంచుకుంటే వెళ్తాయని సాఫ్ట్‌వేర్ వాళ్లు అంటున్నారు. పెంచమంటారా?

వద్దు. పెంచినా వెళ్లవు. అమెరికా ఏరియా కోడ్ ఉన్న +1 నంబర్లకు ‘మార్కెటింగ్’ టెంప్లేట్లు (ముందే ఆమోదం తీసుకున్న ప్రచార మెసేజ్ నమూనాలు) పంపడాన్ని వాట్సాప్ యజమాని మెటా కంపెనీ 2025 ఏప్రిల్ 1 నుంచి ఆపేసింది. ఏ ప్లాన్‌కైనా అదే నిబంధన. సంగతి తెలిసి మీకు చెప్పారో, తెలియక చెప్పారో గాని, ఆ మాట రాతలో ఇమ్మని అడిగి చూడండి.

అయితే దారులు మూసుకుపోలేదు. ‘యుటిలిటీ’ టెంప్లేట్లు వెళ్తాయి. అంటే ఆర్డర్ అందింది, పార్సిల్ బయల్దేరింది, ట్రాకింగ్ నంబరు ఇది, ఇలాంటివి. ఆ మెసేజ్ చివర ‘గోంగూర మీద 10 శాతం తగ్గింపు’ అని ఒక్క ముక్క తగిలిస్తే మాత్రం మొత్తం మార్కెటింగ్ కింద మార్చేస్తారు. ఇలా మారిపోయిన టెంప్లేట్ల బాధితులు చాలామంది. తగ్గింపు మాట అందులో రానీయకండి.

రెండో దారి, అసలైన దారి: కొనేవాళ్లే ముందు మీకు మెసేజ్ చేసేట్టు చూడటం. వాళ్లు ఒక మెసేజ్ పెట్టినా, కాల్ చేసినా, అప్పట్నించి 24 గంటలు మీరు టెంప్లేట్ లేకుండా మామూలు మెసేజ్‌లు పంపొచ్చు. వాళ్లు మళ్లీ పలికినప్పుడల్లా ఆ 24 గంటలు మొదటికి వస్తాయి. ఆ గడువులో పంపే మామూలు మెసేజ్‌లకు డబ్బు లేదు. 2025 జులై 1 నుంచి యుటిలిటీ టెంప్లేట్లు కూడా ఆ గడువులో ఉచితమే. గడువు దాటాక పంపితే, అందిన ఒక్కో టెంప్లేట్‌కు ఇంత అని లెక్క. ఆ రేటు మీరున్న దేశాన్ని బట్టి కాదు, అందుకునే నంబరు దేశాన్ని బట్టి ఉంటుంది. గుంటూరులో కూర్చుని పంపినా అమెరికా రేటే పడుతుంది.

అందుకని ఆవకాయ సీసా లేబుల్ మీదే ఒక క్యూఆర్ వేయించండి. స్కాన్ చేయగానే మీ చాట్ తెరుచుకుని, ‘మళ్లీ ఆర్డర్ చేయాలి’ అన్న వాక్యం టైపు చేసి ఉన్నట్టు కనపడేలా లింకులోనే పెట్టొచ్చు. లింకులో నంబరు 91తో మొదలవ్వాలి. ముందు ప్లస్ గాని సున్నా గాని ఉండకూడదు. అచ్చుకు ఇచ్చేముందు వేరే ఫోన్‌తో స్కాన్ చేసి చూడండి. వెయ్యి లేబుళ్లు పడ్డాక తప్పు తేలితే చేసేదేం లేదు. నూనె మరకపడ్డా చదవగలగాలంటే క్యూఆర్ రెండున్నర సెంటీమీటర్లకు తగ్గొద్దు, మూత దగ్గర కాకుండా సీసా నడుమ వేయించండి.

ప్రశ్న: రాజమండ్రిలో మా హార్డ్‌వేర్ షాపు ల్యాండ్‌లైన్ నంబరు అందరికీ నోటికొచ్చు. దాన్నే వాట్సాప్ నంబరు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. బిజినెస్ యాప్ తెరిచి దేశం ఇండియా ఎంచుకోండి. ఎస్‌టీడీ కోడ్‌లో ముందున్న సున్నా తీసేసి 883 కొట్టి, వెంటనే మీ ఏడంకెల నంబరు ఇవ్వండి. మొత్తం పదంకెలు వస్తాయి. ముందు ఎస్ఎంఎస్ పంపడానికి చూస్తుంది, అది ల్యాండ్‌లైన్‌కు రాదు కాబట్టి టైమర్ అయిపోయేదాకా ఆగి ‘కాల్ మీ’ నొక్కండి. ల్యాండ్‌లైన్ మోగుతుంది, గొంతు ఆరంకెలు చదువుతుంది. కాగితం కలం పక్కన పెట్టుకోండి.

బెడిసేది ఒకే చోట. లైను ఆఫీసు ఎక్స్ఛేంజికి (ఈపీఏబీఎక్స్‌కు) గాని, ‘సేల్స్‌కు ఒకటి నొక్కండి’ అనే ఐవీఆర్‌కు గాని కలిపి ఉంటే వాట్సాప్ యంత్రం గొంతు మీ యంత్రం గొంతుతో మాట్లాడి పెట్టేస్తుంది. ఆ పది నిమిషాలు లైను నేరుగా ఒక మామూలు ఫోన్‌కు కలపండి. వరసగా తప్పిపోతే మళ్లీ ప్రయత్నించడానికి గంటలకొద్దీ ఆగమంటుంది. రెండుసార్లు తప్పితే మూడోసారికి ముందు కారణం వెతకండి.

నంబరు ఖాయమయ్యాక వెంటనే రెండంచెల పిన్ (సెట్టింగ్స్‌లో ‘టూ-స్టెప్ వెరిఫికేషన్’) పెట్టండి. వాట్సాప్ కాల్స్ యాప్ ఉన్న సెల్‌ఫోన్‌కు వస్తాయి. మామూలు కాల్స్ ఎప్పట్లాగే ల్యాండ్‌లైన్‌కు వస్తాయి. రెండూ కలవవు.

ప్రశ్న: హనుమకొండలో డయాగ్నస్టిక్ సెంటర్ నడుపుతున్నాం. పాత పేషెంట్లందరికీ హెల్త్ ప్యాకేజీల గురించి ఫోన్ చేయించాలని ఉంది. మామూలు సిమ్‌లతో చేస్తే నంబర్లు బ్లాక్ అవుతున్నాయి. వాట్సాప్‌లో కొత్తగా వచ్చిన బిజినెస్ కాలింగ్ తీసుకుంటే ఆ బాధ ఉండదని అమ్మకందారు చెబుతున్నాడు. నిజమేనా? కాల్స్ రికార్డు కూడా చేయాలి.

సగం నిజం. ఆ సగం మీకు పనికొచ్చే సగం కాదు.

మామూలు ఫోన్ సంగతి ముందు. పదంకెల మొబైల్ నంబరు నుంచి ప్రచార కాల్స్ చేయడం టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం. ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు తీసుకోవాలి. అందుకు మీ టెలికాం ఆపరేటరు నడిపే డీఎల్‌టీ పోర్టల్‌లో (వ్యాపార కాల్స్, మెసేజ్‌లు పంపేవాళ్లు నమోదయ్యే సైటు) మీరు సంస్థగా నమోదవ్వాలి. 1600తో మొదలయ్యేవి బ్యాంకులు, బీమా, ఇతర ఆర్థిక సంస్థలు, ప్రభుత్వ సంస్థల సేవా కాల్స్ కోసం, మీకు వర్తించవు. 2025 ఫిబ్రవరి సవరణతో పట్టు బిగిసింది. కాల్ వచ్చిన ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు పడితే చాలు, చర్య మొదలవుతుంది. మొదటిసారి తేలితే 15 రోజులు ఔట్‌గోయింగ్ ఆపుతారు. మళ్లీ జరిగితే మీ పేరున ఉన్న లైన్లన్నీ ఏడాదిపాటు కోసేస్తారు. పేషెంట్లు ఫోన్ చేసే ల్యాండ్‌లైన్ కూడా అందులో పోతుందని గుర్తుంచుకోండి.

ఈ నిబంధనలు టెలికాం నెట్‌వర్క్ కాల్స్‌కూ ఎస్ఎంఎస్‌లకూ సంబంధించినవి. వాట్సాప్ కాల్ వాటి కిందికి రాదు. అమ్మకందారు చెప్పిన సగం నిజం ఇదే. మిగతా సగం ఆయన చెప్పలేదు: వాట్సాప్ సొంత కళ్లెం ఇంతకన్నా బిగువు.

పేషెంటు మీకు కాల్ చేస్తే ఏ చిక్కూ లేదు, మెటా దానికి డబ్బు తీసుకోదు. మీరు పేషెంటుకు చేయాలంటే ముందు అనుమతి కావాలి. అనుమతి అడిగే మెసేజ్ ఒకరికి రోజుకు ఒకటి, వారంలో రెండు మాత్రమే పంపగలరు. ‘సరే’ అంటే ఏడు రోజులు చెల్లుతుంది. ఎప్పటికీ చేయొచ్చని కూడా ఇవ్వొచ్చు గాని, ప్రచార కాల్స్‌కు అలా ఇచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారో మీరే అంచనా వేసుకోండి. వరసగా రెండు కాల్స్ ఎత్తకపోతే ‘వీళ్ల కాల్స్ మీకు ఇంకా కావాలా’ అని వాట్సాప్ ఆ పేషెంటునే అడుగుతుంది. నాలుగు ఎత్తకపోతే అనుమతి తనంతట తనే రద్దు. ఎత్తిన కాల్స్‌కు ఆరేసి సెకన్ల ముక్కల (పల్స్) లెక్కన బిల్లు పడుతుంది.

కాబట్టి ఐదు వేలమంది జాబితా పెట్టుకుని వరసగా డయల్ చేసే పనికి ఇది కుదరదు. అందుకోసమైతే కొనకండి. కాని డయాగ్నస్టిక్ సెంటర్‌కు దీనితో వేరే పని బాగా జరుగుతుంది. రిపోర్టు పీడీఎఫ్ పంపే మెసేజ్ కిందే కాల్ బటన్ పెట్టించండి. ‘షుగర్ ఇంత వచ్చింది, పరగడుపున ఇచ్చిందేనా?’ అన్న సందేహం వచ్చే క్షణంలో బటన్ చేతి కింద ఉంటుంది. నంబరు సెట్టింగుల్లో కాల్ వేళలు పెట్టుకోవచ్చు. మీ ల్యాబ్ ఆదివారం మధ్యాహ్నం మూస్తే ఆ వేళ తర్వాత కాల్స్ తీసుకోదు. ‘కాల్‌బ్యాక్ అనుమతి’ కూడా ఆన్ చేయించండి. అది ఉంటే పేషెంటు మీకు కాల్ చేసినప్పుడే, తిరిగి చేయడానికి మీకు అనుమతి దొరుకుతుంది. విడిగా అడిగే పనిలేదు. ఎటూ ఆ కాల్‌తో 24 గంటల మెసేజ్ గడువు కూడా తెరుచుకుంటుంది.

అమ్మకందారును అడగాల్సినవి రెండు. కాల్ వచ్చాక అరనిమిషం నుంచి నిమిషంలోపు మీవైపు ఎత్తాలి, లేదంటే తెగిపోతుంది. కౌంటరులో అమ్మాయి రక్తం తీయడానికి లేచి వెళ్తే ఎవరి తెర మీద మోగుతుంది? ఒకేసారి ముగ్గురి దగ్గర మోగేట్టు పెట్టగలరా? రెండోది, ‘వాట్సాప్‌కు వచ్చిన కాల్‌ను డాక్టరుగారి మామూలు మొబైల్‌కు మళ్లిస్తాం’ అంటే ఒప్పుకోకండి. ఇంటర్నెట్ కాల్‌ను లైసెన్సు లేకుండా టెలిఫోన్ లైనుకు కలపడం మన దేశంలో నేరం. డాక్టరుగారు కూడా ఆ సాఫ్ట్‌వేర్ యాప్‌లోనే, ఇంటర్నెట్ మీదే ఎత్తాలి.

రికార్డింగ్: ఉచిత యాప్‌లో కాల్ రికార్డు చేసే సదుపాయం లేదు. ఏపీఐ కాల్‌లో ఆడియో మీ సాఫ్ట్‌వేర్‌కు చేరుతుంది కాబట్టి సాంకేతికంగా కుదురుతుంది. మొదటి వాక్యంలోనే ‘ఈ కాల్ రికార్డవుతోంది’ అని వినిపించండి, వద్దంటే ఆపే వీలుండాలి. మీ దగ్గరుండేవి రోగాల వివరాలు. 2023 డేటా రక్షణ చట్టం కింద నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల గడువుతో అమల్లోకి వస్తాయి. ఎన్నాళ్లు దాస్తారు, ఎవరు వినగలరు అన్నవి ఇప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల క్రితం రికార్డులు ఊరికే పోగేసుకుంటే బరువే తప్ప లాభం లేదు.

ప్రశ్న: మేం చేసే వాట్సాప్ కాల్స్ మాకు రింగైనట్టే ఉంటాయి. కస్టమర్లు మాత్రం ‘అసలు మోగలేదు’ అంటారు. అబద్ధమా?

అబద్ధం కాకపోవచ్చు. ‘సెట్టింగ్స్’, ‘ప్రైవసీ’, ‘కాల్స్’ లోపల ‘సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్’ అని 2023లో వచ్చింది. మోసపు కాల్స్ భయంతో చాలామంది అది ఆన్ చేసుకున్నారు. మీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి లేకపోతే రింగు వినపడదు, కాల్స్ ట్యాబ్‌లో మాత్రం కనపడుతుంది. మందు తేలికే: ముందు మెసేజ్ పెట్టి, వాళ్లు జవాబిచ్చాక కాల్ చేయండి. మీ కాంటాక్ట్ కార్డు పంపి సేవ్ చేసుకోమనండి. సేవ్ చేసుకుంటే మీ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌లు కూడా వాళ్లకు అందడం మొదలవుతుంది. సేవ్ చేయనివాళ్లకు అవీ అందవు.

ప్రశ్న: విజయవాడలో మా కోచింగ్ సెంటర్ నంబరు ఐదేళ్లుగా బిజినెస్ యాప్ మీద ఉంది. ఏపీఐకి మారితే పాత చాట్‌లు పోతాయని ఒకరు, పోవని ఒకరు అంటున్నారు.

ఇద్దరూ నిజమే చెప్పారు, వేర్వేరు పద్ధతుల గురించి. పాత పద్ధతిలో యాప్ అకౌంటు తీసేసి నంబరును ఏపీఐకి మార్చాలి. యాప్‌లో చాట్‌లు ఉండవు. కొత్తది ‘కోఎగ్జిస్టెన్స్’, అంటే ఒకే నంబరు యాప్ మీదా ఏపీఐ మీదా కలిసి ఉండటం. సాఫ్ట్‌వేర్ కంపెనీ తెర మీద వచ్చే క్యూఆర్‌ను మీ బిజినెస్ యాప్‌తో స్కాన్ చేయడమే. ఆరు నెలల వరకు పాత చాట్‌లు సాఫ్ట్‌వేర్‌కు కూడా పంచుకోవచ్చు. ఐదేళ్లవీ రావు, కాని ఫోన్‌లో ఉన్నవి ఫోన్‌లోనే ఉంటాయి.

పోయేవి కొన్ని ఉన్నాయి. యాప్‌లోని బ్రాడ్‌కాస్ట్ లిస్టులు పనిచేయవు. గ్రూపులు సాఫ్ట్‌వేర్‌లో కనపడవు. తల్లిదండ్రుల గ్రూపులతో నడిచే మీలాంటి సంస్థకు ఇది పెద్ద సంగతి, గ్రూపుల పని ఫోన్ మీదే చూసుకోవాలి. ఆ నంబరుకు వచ్చే కాల్స్ ఫోన్‌లోనే మోగుతాయి. సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఎత్తగలమని ఆశపడొద్దు. యాప్‌ను రెండు వారాలకోసారైనా తెరవాలి, లేకపోతే బంధం తెగుతుంది. వేసవి సెలవుల్లో ఫోన్ బీరువాలో పెట్టి వెళ్లారంటే జూన్‌లో అడ్మిషన్ల వేళకు మళ్లీ మొదట్నించి మొదలుపెట్టాలి.

యాప్‌లోంచి చేత్తో పంపే మెసేజ్ ఉచితం, సాఫ్ట్‌వేర్‌లోంచి పంపే టెంప్లేట్‌కు రేటు. ఈ తేడా సిబ్బందికి ముందే చెప్పండి.

ప్రశ్న: కరీంనగర్‌లో మా విత్తనాల పంపిణీ ఆఫీసులో ఇంటర్నెట్ ఫోన్లు పెట్టాం, సిప్ ట్రంక్ (ఇంటర్నెట్ మీద వచ్చే ఫోన్ లైను), మా సొంత పీబీఎక్స్ (ఆఫీసు ఎక్స్ఛేంజి). బయటి నుంచి వచ్చే కాల్ ఎత్తితే మాట బాగుంటుంది, సరిగ్గా అరనిమిషానికి తెగిపోతుంది. ఆపరేటరు లైన్ బాగుందంటాడు.

గడియారం పెట్టి కొలవండి. 32 సెకన్లకు తెగుతుంటే జబ్బు దొరికినట్టే. మీరు ఎత్తగానే పీబీఎక్స్ అవతలికి ‘ఎత్తాం’ అని చెబుతుంది, అవతలినుంచి ‘అందింది’ అని తిరుగు కబురు రావాలి. అది రాకపోతే పీబీఎక్స్ చెప్పిందే చెబుతూ 32 సెకన్లు చూసి, కాల్ కోసేస్తుంది. మాట వేరే దారిన వెళ్తుంది కాబట్టి ఆలోగా అది బాగానే వినపడుతుంది. అందుకే అందరూ బోల్తాపడతారు.

తిరుగు కబురు ఎందుకు రాదంటే, మీ పీబీఎక్స్ తన చిరునామాగా 192.168తో మొదలయ్యే లోపలి ఐపీ ఇచ్చి ఉంటుంది. బయటివాళ్లకు ఆ చిరునామా తెలియదు. లేదా రౌటర్‌లోని ‘సిప్ ఏఎల్‌జీ’ అనేది సాయం చేస్తున్నాననుకుని చిరునామాలు తప్పుగా మార్చేస్తూ ఉంటుంది. ముందు రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆపి, రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. చాలాచోట్ల అంతటితో సరి. కాకపోతే పీబీఎక్స్ నాట్ (లోపలి, బయటి చిరునామాలను కలిపే) సెట్టింగులో మీ బయటి స్టాటిక్, అంటే మారని ఐపీ రాయండి. రెండూ ఒకేసారి మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియదు.

మాట ఒకవైపే వినపడటం వేరే జబ్బు. అది ఆడియో పోర్టులది, అంటే మాట వచ్చిపోయే అంకెల ద్వారాలది. ఆస్టెరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే పీబీఎక్స్ అయితే సాధారణంగా 10000 నుంచి 20000 దాకా యూడీపీ పోర్టులు. ఆ పోర్టులూ, సిప్ పోర్టు 5060నూ ఆపరేటరు ఐపీకి మాత్రమే తెరవండి. లోకానికంతా తెరిచి పెడితే రాత్రికి రాత్రి ఎవరో మీ లైను మీద విదేశాలకు మాట్లాడేస్తారు, బిల్లు మీకు. పావుగంటకో అరగంటకో కచ్చితంగా తెగితే సెషన్ టైమర్ (కాల్ ఇంకా నడుస్తోందో లేదో చూసే గడియారం) చూడండి, మామూలుగా 1800 సెకన్లు ఉంటుంది.

100 ఎంబీపీఎస్ ఉన్నా మాట ముక్కలవుతోందని కొందరు రాశారు. మాటకు కావాల్సింది పెద్ద పైపు కాదు. జీ.711 అనే మామూలు ఆడియో పద్ధతి కాల్‌కు ఒక్కో వైపు దాదాపు 90 కేబీపీఎస్, పది కాల్స్ కలిసినా ఒక ఎంబీపీఎస్. కాని సీసీటీవీ ఫుటేజీ క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడు అప్‌లోడ్ వరసలో మాట వెనక నిలబడుతుంది. రౌటర్‌లో వాయిస్‌కు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు, జిట్టర్ (ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30 మిల్లీసెకన్లు, ప్యాకెట్ నష్టం (దారిలో పోయే మాట ముక్కలు) ఒక శాతం, ఈ మూడూ దాటకుంటే చెవికి ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: నిజామాబాద్‌లో ఫర్నిచర్ షోరూం. ఒక సేల్స్ కుర్రాడు మానేశాడు. మా వాట్సాప్ అతని ల్యాప్‌టాప్‌లో ఇంకా తెరుచుకునే ఉందేమోనని అనుమానం.

ఈ పూటే చూడండి. షోరూం ఫోన్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే ఏ కంప్యూటర్లు కలిసి ఉన్నాయో, చివరిసారి ఎప్పుడు వాడారో కనపడుతుంది. గుర్తు తెలియనిదాని మీద నొక్కి ‘లాగ్ ఔట్’ చేయండి. ఉచిత యాప్‌కు నాలుగు పరికరాలు కలపొచ్చు. విండోస్, మ్యాక్ యాప్‌లు ఉన్నచోట కాల్స్ కూడా మోగుతాయి, కాబట్టి మానేసినవాళ్ల ఇంట్లో మీ కస్టమరు కాల్ మోగడం ఊహ కాదు. పరికరం కలిపేటప్పుడు వచ్చే ఎనిమిది అక్షరాల కోడ్‌ను ఎవరో ఫోన్ చేసి కొట్టమంటే కొట్టొద్దు. అలా కొడితే వాళ్ల కంప్యూటర్ మీ అకౌంటుకు కలిసిపోతుంది.

తర్వాత రెండంచెల పిన్ మార్చండి. అతనికి తెలిసే ఉంటుంది. ఇక సిమ్ ఎవరి పేరున ఉందో చూడండి. కుర్రాడి ఆధార్‌తో తీసుకుని ఉంటే నంబరు చట్టప్రకారం అతనిది, రేపు డూప్లికేట్ సిమ్ తీసుకుంటే వాట్సాప్ కూడా అతని చేతికి వెళ్తుంది. యజమాని పేరుకో సంస్థ పేరుకో మార్పించండి, అందుకు అతని సంతకం కావాలి కాబట్టి చివరి నెల జీతం ఇచ్చేలోపే అడగడం మేలు. సిమ్‌ను అదే ఫోన్‌లో ఉంచండి. సిమ్ లేని ఫోన్‌లో మెసేజింగ్ యాప్‌లు నడవకూడదని, వెబ్ సెషన్లు ఆరు గంటలకోసారి లాగౌట్ కావాలని టెలికాం శాఖ 2025 నవంబరు 28న కంపెనీలను ఆదేశించింది. వాట్సాప్ ఉంది కదా అని సిమ్ రీచార్జి మానేసేవాళ్లు కొందరున్నారు. వాడకం లేక 90 రోజులు దాటితే ఆపరేటరు ఆ నంబరు వెనక్కి తీసుకుని మరొకరికి ఇవ్వొచ్చు.